వేరే పెంక

రెండేళ్ల కిందట మా ఇంటికి ఒక కొత్త పెంక వచ్చింది. జొన్నరొట్టెలు కాల్చే మామూలు ఇనుప పెంకే. మిగతా వాటిలో కలిసిపోకుండా దాని చెవికి అమ్మ ఎర్రదారం కట్టింది. పండక్కి ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ దాన్ని చూసి, "ఇది ఎవలకు వేరే పెట్టిన్రు?" అని అడిగింది.

వెటకారంగా అడగలేదు. దేవరకొండ అవతల ఆమె కాపురం చేసిన ఇంట్లో వేరే పెట్టిన వస్తువులు ఎప్పుడూ ఉండేవి. కొట్టం చూరులో దోపిన సత్తు గ్లాసు, దొడ్డి గోడ మీద బోర్లించిన పళ్లెం నేనూ చూశాను. పనికొచ్చిన మనిషి తనే తీసుకుని, తాగి, తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఆ ఇంట్లో ఒక వస్తువు వేరే ఉందంటే దాని వెనక ఒక కులం ఉన్నట్టు. అందుకే ఆమె "ఎందుకు" అని అడగలేదు, "ఎవలకు" అని అడిగింది.

"నాకే నాయనమ్మా" అన్నాను. నవ్వింది. పరాచికం ఆడుతున్నాననుకుంది.

నాకు సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పేగులోకి చేరితే, నా ఒంటి రక్షణ వ్యవస్థ నా పేగు గోడ మీదే దాడికి దిగుతుంది. చిన్నపేగు లోపల మఖమల్ గుడ్డ మీద నూగులా ఉండే పొర అరిగి చదునైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. కొందరికి విరేచనాలు, కడుపుబ్బరం. ఇంకొందరికి పైకి రక్తహీనత తప్ప ఏమీ కనబడదు. నాది ఈ రెండో రకం. ఆరేళ్లు ఐరన్ గోలీలు మింగాను. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ వాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తుంది. అంతమందికి ఉన్నదాన్ని జబ్బని ఎవరు అనుకుంటారు? ఒక డాక్టరైతే "ఆకుకూరలు బాగా తిను, రాత్రి అన్నం మానేసి చపాతీ తిను" అన్నాడు. ఆరు నెలలు చాలా శ్రద్ధగా తిన్నాను. చివరికి టీటీజీ అనే రక్తపరీక్ష, ఎండోస్కోపీ, బయాప్సీ. మందు లేదు, బతికినన్నాళ్లూ గోధుమ మానడమే వైద్యం. (ఇది చదివి అనుమానం వచ్చినవాళ్లు పరీక్షకు ముందే గోధుమ మానేయకండి. మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.)

జబ్బు గురించి చెప్పడానికి ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. తిండి గురించి తెలుగులో రాసినదాన్ని నేను ఎట్లా చదువుతూ వచ్చానో, ఈ జబ్బు వచ్చాక ఆ చదువు ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలని ఉంది.

ఇది మన దగ్గర అరుదు. 2016లో అమెరికన్ జర్నల్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో బి.ఎస్. రామకృష్ణ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. దేశంలో మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్లను చూశారు. జబ్బును సూచించే యాంటీబాడీలు రక్తంలో ఉన్నవాళ్లు ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87, దక్షిణాదిలో 0.10. ఈ జబ్బుకు దారి ఇచ్చే జన్యువులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు సమానమే, మూడోవంతు మందికి అటూ ఇటూగా. గోధుమ వాడకంలో తేడా చూడండి: రోజుకు సగటున ఉత్తరాదిలో 455 గ్రాములు, ఈశాన్యంలో 37, దక్షిణాదిలో 25. ఈశాన్యం అంకె చూస్తే అంతా గోధుమే చేసిందని అనలేం. అయినా దక్షిణాది వరకు ఒక మాట చెప్పుకోవచ్చు. మన ఒంట్లో తలుపు ఉంది, ఇన్నాళ్లూ దాన్ని తట్టినవాళ్లు తక్కువ. ఇప్పుడు షుగర్ వచ్చిన ప్రతి ఇంట్లో రాత్రిపూట చపాతీ. పొద్దున ఉప్మా, అదీ గోధుమరవ్వే. సాయంత్రం బిస్కెట్.

నల్లగొండ, పాలమూరు మెట్టభూములు అసలు జొన్న రాజ్యం. జొన్నలో గ్లూటెన్ లేదు. బియ్యంలో లేదు, సజ్జలో లేదు, తైదల్లో లేదు. మా అమ్మమ్మలు తిన్న జొన్నగటక, అంబలి, సర్వపిండి అన్నీ నాకు పనికొచ్చేవే. ఈ జబ్బుతో బతకడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదని మొదట నేనూ అనుకున్నాను. వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. పప్పులో వేసే ఇంగువ డబ్బా వెనక చదివితే అందులో గోధుమపిండి. సత్యనారాయణ వ్రతం ప్రసాదం రవ్వతో. ఉగాది బచ్చాలు మైదాతో. జొన్నలు పట్టించే గిర్నిలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పోసి ఉంటారు. నాకు చిటికెడు పిండి చాలు. చపాతీలు కాల్చిన పెంక మీదే జొన్నరొట్టె వేస్తే ఆ రొట్టె ఇంక జొన్నరొట్టె కాదు, నా వరకైతే. ఎర్రదారం అందుకే.

ఇంక సాహిత్యం. జొన్న మన సాహిత్యంలో చాలాకాలం ఎగతాళి వస్తువు. శ్రీనాథుడి పేరిట తిరిగే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద ఎంత విసుగో! సన్నన్నం అలవాటైన నాలుక విసుగు అది. పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో అట్లాంటి పద్యాలను అలంకారాల కోసం చదవలేదు. ఎవరు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతకడానికి చదివాడు. సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మొట్టమొదటి తెలుగు పుస్తకం, 1955లో. ఆయన పోయాక వచ్చింది. మనం ఆ పుస్తకాన్ని పొగిడినంతగా ఆ పద్ధతిని పట్టుకోలేదని నా ఫిర్యాదు. కంచంలో ఏముందో చూసి రచన దగ్గరికి పోవడం ఆయన పద్ధతి. మనం కంచాన్ని వదిలేసి నేరుగా ప్రతీక దగ్గరికి దూకుతాం.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక జొన్న మెల్లగా కంచం నుంచి జరిగింది. అన్నం తినడం గౌరవం, గటక తినడం లేమి. ఆ రెండు మాటలూ వింటూ పెరిగిన మా తరం పట్నం వచ్చి, 2023 చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించాక, జొన్న గురించి వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది. మీరూ చదివే ఉంటారు. అవ్వ చేతి రొట్టె చప్పుడు, పొయ్యి పొగ, పచ్చి పులుసు, ఎర్రకారం, చివర్లో 'ఆ రోజుల్లో వాళ్లకు ఏ రోగాలూ లేవు'. ఒకటి రెండు నేనూ రాశాను, కాబట్టి ఎవరినీ ప్రత్యేకంగా అనడం లేదు.

ఆ చివరి వాక్యం అబద్ధం. హైదరాబాద్‌లోనే, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన ప్రయోగశాలలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. దక్కన్‌లో జొన్నే ప్రధాన తిండిగా బతికే పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తుందని ఆరా తీశారు. ఎండ తగిలే చోట, మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పగిలే జబ్బు. ముదిరితే విరేచనాలు, మతి చలించడం. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ ఇందుకు ఒక కారణమని వాళ్ల వాదన. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. జొన్న తప్ప కంచంలో ఇంకేమీ లేని మనిషికి వచ్చిన జబ్బు ఇది. అయితే మన జ్ఞాపకాల వ్యాసంలో అవ్వ రొట్టెలు చేసే చేతులు కనిపిస్తాయి గానీ, ఆ చేతుల మీది చర్మం కనిపించదు. తిండిని జ్ఞాపకంగా మాత్రమే రాస్తే వచ్చే నష్టం ఇదే.

ప్యాకెట్ కూడా ఒక రచనే కదా. సూపర్ మార్కెట్‌లో 'గ్లూటెన్ ఫ్రీ' ప్యాకెట్ మీద గోధుమ కంకి, దాని మీద అడ్డగీత. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రత సంస్థ నియమం. నాలాంటివాళ్లకు అందులో అక్కరకొచ్చే సమాచారం అంతే. మిగతాదంతా ఇంగ్లిష్‌లో కవిత్వం: ప్రాచీన ధాన్యం, శుద్ధం, స్వచ్ఛం. ధర మామూలు పిండికి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. బయటికొస్తే అదే రోడ్డు మీద, పాలమూరు నుంచి వలసొచ్చిన అక్క ఒకామె సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంటది. ఆ 'శుద్ధం' అనే మాట దగ్గర నాకు ప్రతిసారీ ఏదో తేడా కొడతది. శుద్ధి అనే మాట మన దగ్గర ఎవరెవరి మీద వాడారో తెలియక కాదు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. తెలుగు కథలో, కవిత్వంలో తిండిని మనం రెండు రకాలుగా చదవడం నేర్చుకున్నాం. ఒకటి ఆకలి. రెండోది జ్ఞాపకం. తిండి దొరకనివాడు ఉన్నాడు, దొరికిన తిండిని తలచుకునేవాడు ఉన్నాడు. దొరికిన తిండిని వద్దనేవాడు వచ్చాడంటే, ఆ వద్దనడానికి మన సాహిత్యంలో దాదాపు ఒకటే అర్థం: కులం. ఫలానా ఇంట్లో నీళ్లు ముట్టనివాడు, ఫలానా చేతి వంట తిననివాడు. ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' అనే పేరే తన ఆత్మకథకు పెట్టుకున్నాడంటే, ఒకరి ఎంగిలి ఇంకొకరి తిండి అయిన దేశంలో కంచం ఎంత బరువైందో అర్థం చేసుకోవచ్చు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి మన దళిత రచయితలు రాయకపోతే, నా చిన్నప్పుడు చూరులో చూసిన సత్తు గ్లాసు నాకు సత్తు గ్లాసుగానే మిగిలిపోయేది. అట్లా చదవడం వాళ్లు నేర్పారు. ఆ చదువు సరైనదే. దాన్ని మార్చుకోమని ఎవరినీ అడగను.

అయితే ఆ చదువు నేర్చుకున్న నేనే ఇప్పుడు వద్దనేదాన్ని అయ్యాను.

జబ్బు బయటపడిన కొత్తలో అచ్చంపేట దగ్గర ఒక ఊరికి పోయాను. కథలు రాసే నా దోస్తు వాళ్ల ఇల్లు. మాదిగవాడలో రెండు గదుల ఇల్లు. పట్నం నుంచి వస్తున్నానని వాళ్ల అమ్మ నాటుకోడి కూర, చపాతీలు చేసింది. వాళ్ల కోసం జొన్నరొట్టెలు చేసి పక్కన పెట్టింది. నాకు చపాతీ, అంటే గౌరవం. నేను తినగలిగింది పక్కన పెట్టిన రొట్టె. అదీ నిజానికి తినకూడదు, పెంక ఒకటే కాబట్టి. ఇదంతా ఎట్లా చెప్పాలో తోచలేదు. పేగు, ప్రోటీన్, పిండి రేణువు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఇయ్యాల శనివారం కదా అమ్మా, ఒక్కపొద్దు."

ఆమె "ఒక్కపొద్దా బిడ్డా" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో నాకు అర్థమైంది, ఆ మాట ఆమెకు కొత్త కాదు. నా కులంవాళ్లు వాళ్ల ఇంట్లో తినకుండా మర్యాదగా తప్పించుకోవడానికి ఎప్పటినుంచో వాడుతున్న మాటనే నేను ఏరుకున్నాను. ఏదైనా చెప్పొచ్చు కదా, కడుపునొప్పి అనొచ్చు. అట్లా అనలేదు. నా నోట్లో రెడీగా ఉన్నది అదే.

సూసన్ సోంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' రాసింది. తనకు క్యాన్సర్ వచ్చాక రాసిన పుస్తకం. టీబీ మీద, క్యాన్సర్ మీద సాహిత్యం కప్పిన రూపకాలను ఒక్కొక్కటే ఊడబెరికి, జబ్బు జబ్బే, దాన్ని దేనికీ గుర్తుగా చూడొద్దని వాదిస్తుంది. ఇష్టంగా చదివిన పుస్తకం. కానీ నా దగ్గర అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. సీలియాక్‌కి తెలుగులో రూపకం లేదు, అసలు పేరే లేదు. రూపకం అంటుకున్నది జబ్బుకు కాదు, వైద్యానికి. వేరే పెంక, వేరే గిన్నె, వేరే గంటె, వేరే గూట్లో పిండి, ఎవరి చేతిదీ అడగకుండా తినకపోవడం, పెళ్లిలో బంతి నుంచి లేచిపోవడం. ఆస్పత్రిలో డైటీషియన్ రాసిచ్చిన కాగితాన్ని తెలుగులో పెట్టి చూడండి, మా తాత కాలం నాటి మడి నియమాల్లా ఉంటుంది. సోంటాగ్ చెప్పినట్టు రూపకాన్ని ఊడబెరకాలంటే, ఇక్కడ కులాన్ని ఊడబెరకాలి. నా పేగు బాగుపడడానికి పట్టే సమయంలో అయ్యే పని కాదు.

అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో సహపంక్తి భోజనాలతో కులం పోదని చెప్పాడు. కలిసి తినడం చాలదు అనడం వేరు, కలిసి తినకపోయినా ఫర్వాలేదు అనడం వేరు. ఆయన అన్నది మొదటిది. నాలాంటివాళ్లు రెండోదానికి ఆ పేజీని సాక్ష్యంగా తెచ్చుకునే ప్రమాదం ఉంది. నేనూ ఒక రాత్రి తెచ్చుకున్నాను. పొద్దున్నే సిగ్గనిపించింది.

ఆకలి గురించి మన చదువును కూడా ఈ జబ్బు చరిత్ర కొంచెం ఇబ్బంది పెడుతుంది. విల్లెమ్ డికె అని హేగ్ నగరంలో ఒక డచ్ పిల్లల డాక్టర్. గోధుమకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని యుద్ధానికి ముందే ఆయనకు అనుమానం. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో హాలండ్‌లో కరువు వచ్చింది. రొట్టె దొరక్క జనం గడ్డల దుంపలు తిన్నారు, వేలమంది చచ్చిపోయారు. ఆ కాలంలో సీలియాక్ పిల్లల పరిస్థితి ఆయన అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన సిద్ధాంతవ్యాసంలో గోధుమ పాత్రను నిరూపించాడు. ఊరంతా రొట్టె కోసం ఏడుస్తుంటే, ఆ రొట్టె లేకపోవడమే మేలైన కొందరు పిల్లలు. ఈ సన్నివేశాన్ని మన ఆకలి కవిత్వంలో ఎక్కడ పెడతాం? ఆకలిని ఏ మాత్రం తక్కువ చేయకుండా ఆ పిల్లల గురించి రాయగలమా? రాయొచ్చనే అనుకుంటున్నాను. అయితే రొట్టెను ముందు గోధుమపిండిగా చూడగలిగినవాళ్లే రాయగలరు. 'రొట్టె' అనగానే విప్లవమో, అమ్మో గుర్తొచ్చేవాళ్ల వల్ల కాదు.

నల్లగొండకు ఇది తెలియని సంగతి కాదు. మర్రిగూడ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలు వంచింది. తాగే నీళ్లే, బతికించే నీళ్లే. ఆ ప్రాంతపు రాతల్లో నీళ్లు ఒట్టి జీవానికి గుర్తుగా ఉండలేవు, ఆ అవకాశాన్ని ఫ్లోరైడ్ ఎప్పుడో తీసేసింది. అన్నం, రొట్టె విషయంలో అంత కచ్చితంగా ఉండాల్సిన అవసరం మనకు ఇప్పటిదాకా రాలేదు. రోజుకు 25 గ్రాముల గోధుమ తినే ప్రాంతం కదా. ముందు ముందు ఆ అంకె అట్లాగే ఉండదని మాత్రం మన వంటిళ్లు చూస్తే తెలుస్తుంది.

అచ్చంపేటకు మళ్లీ పోయాను, ఎనిమిది నెలల తర్వాత. ఈసారి పోకముందే దోస్తుకు అంతా చెప్పాను, శనివారం అబద్ధంతో సహా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. గోధుమ పడదు, పెంకకు అంటుకున్నది కూడా పడదు అని. ఆమె నా మొహం చూసి, "మల్ల ఆ పొద్దు చెప్తే ఏమాయె బిడ్డా, జొన్నరొట్టె చేసి పెడ్దును కద" అంది. కొత్త పెంక తెస్తా అని దోస్తు లేచాడు. ఆమె వద్దంది. ఉన్న పెంకనే బూడిదతో, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడిగింది. ముందు జొన్నరొట్టెలు చేసింది, తర్వాత చపాతీలు. వేరే చేయకుండా ముందూ వెనకా చేసింది. మా ఇంట్లో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు, మాకు వేరే పెట్టడం అలవాటు కాబట్టి కావొచ్చు. పిండి ఏ గిర్నిలో పట్టించారని నేను అడగలేదు. వైద్యం ప్రకారం అడగాల్సిందే. పాత పెంక కూడా ఎంత రుద్దినా అనుమానమే. ఆ వారం కడుపులో కొంచెం ఇబ్బంది అయింది. రొట్టెదో, ప్రయాణందో చెప్పలేను.

ఈ వ్యాసం మొదటి ప్రతి దోస్తుకు పంపాను. అందులో ఒక వాక్యం ఉండేది, ఎర్రదారం పెంకను చూసినప్పుడల్లా చూరులో గ్లాసు వాడిన మనిషికి ఎట్లా ఉండేదో నాకు కొంచెం తెలిసినట్టు అనిపిస్తుందని. ఆ వాక్యం కింద వాడు గీత గీసి పంపాడు. పక్కన ఇట్లా రాశాడు: "నీ పెంక నీకు మంచిగ ఉండాలని మీ అమ్మ కొన్నది. ఆ గ్లాసు ఎవలకు మంచిగ ఉండాలని పెట్టిన్రు?"

వాక్యం తీసేశాను. అమ్మకు చెప్పి ఎర్రదారం కూడా తీయించాలనుకున్నాను గానీ, తీస్తే ఏ పెంక ఏదో తెలియదు. దారం అట్లాగే ఉంది.